చెప్పుకుంటా చెయ్యి పాపా

నాకున్న దానికి ఒక పేరుందని పోయిన నెలలో తెలిసింది. ధర్మవరంలో నేను పనిచేసే ప్రైవేటు బడిలో టీచర్లందరికీ రెండు రోజుల శిక్షణ పెట్టారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ, చదువులో ఇబ్బంది పడే పిల్లల్లో ఎన్ని రకాలుంటారో చెబుతూ బోర్డు మీద నాన్‌వెర్బల్ లెర్నింగ్ డిజార్డర్ అని రాసింది. ఈ పిల్లలకు మాటలు బాగా వస్తాయట. చదవడం తొందరగా పట్టుబడుతుందట. కానీ దారులు గుర్తుండవు, పటాలు అర్థం కావు, కూడికలో అంకెలు పక్క వరసలోకి జారిపోతాయి, బూట్ల లేసులు ముడిపడవు, ఎదుటివాళ్ళ ముఖం చూసి మనసు కనిపెట్టలేరు. ఆవిడ ఒక్కొక్కటే చెబుతుంటే నేను ఒక్కొక్కదానికీ తల ఊపుకుంటూ పోయాను. ఇంక ఉండబట్టలేక లేచి నిలబడి, "మేడం, అది నేనే" అన్నాను. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఇన్నేళ్ళూ నేను మొద్దునో, మొండిదాన్నో, పరధ్యానం పిల్లనో అనుకున్నానే, ఇవేవీ కాదని ఒకరు బోర్డు మీద రాసి చెబితే ఎగిరి గంతెయ్యాలనిపించదా?

వెంటనే పాసింజరెక్కి హిందూపురం పోయి మా లెక్కల టీచరుకు ఈ కబురు చెప్పాలనిపించింది. ఆమె పోయి రెండేళ్ళయిందని ఆ తర్వాత గుర్తొచ్చింది. ఉండి ఉంటే ఏమనేదో నాకు బాగా తెలుసు. "పేరు సరే పాపా, ఆ పిల్లోల్లకి ఏం చేయల్లో గూడా చెప్పినారా?" అని అడిగేది.

చెప్పారు. సాయంత్రం డాక్టరమ్మ అదీ చెప్పింది. చేసే పనిని మాటల్లో పెట్టించాలి, ముక్కలు ముక్కలుగా చెప్పాలి, అంకెలకు గళ్ళ కాగితం ఇవ్వాలి, ఇంట్లో వస్తువుల జాగా మార్చకూడదు, మన మనసులో ఏముందో పైకి చెప్పాలి. నేను నోరు తెరుచుకుని విన్నాను. ఇవన్నీ తొంభైల్లోనే, పెనుకొండ స్టేషన్లో ఒక సిమెంటు బెంచీ మీద కూర్చుని, ఏ పుస్తకమూ చూడకుండా మా టీచరు కనిపెట్టేసింది.

ఆమె రోజూ పొద్దున పాసింజరుకు హిందూపురం నుంచి పెనుకొండకు వచ్చేది. పొట్టి మనిషి. చేతిలో ఎండకూ వానకూ, ఏదీ లేని చలికాలానికీ ఒక నల్లగొడుగు. నడక కాదది, పరుగులో సగం. ఆమెకున్న పెద్ద అలవాటేమిటంటే వస్తువులతో మాట్లాడడం. "గొడుగూ, నువ్వీడ నిలబడు. సుద్దముక్కా, నీ పని అయిపోయింది. ఇప్పుడు నేను హాజరు పట్టీ తీస్తాండా, తీసినా, ఎర్రపెన్ను యాడ పెట్టినా, ఆఁ, కొంగుకే ఉండాది." ఇలా రోజంతా సాగేది. పిల్లలం నోళ్ళకు చేతులడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. సాటి టీచర్లు ఆమెకు కాస్త తిక్క అనుకునేవాళ్ళు. ఆ తిక్కే నన్ను ఒడ్డున పడేసింది.

అప్పటికి నా పరిస్థితి చెప్పాలి. మా నాయనకు స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపు. సైకిల్ షాపాయన కూతురికి సైకిల్ తొక్కడం రాదన్నది పెనుకొండలో ఒక జోకు. నాకు జోకులు కూడా అర్థమయ్యేవి కావు కాబట్టి, ఎవరైనా అంటే "అవును, రాదు" అని ఒప్పుకునేదాన్ని. పానా తెమ్మంటే పంపు తెచ్చేదాన్ని. బేరింగు గుండ్లు డబ్బా అందిస్తూ కింద ఒలకబోసేదాన్ని. వెంటనే వీపు మీద దెబ్బ పడేది. నాయన చెడ్డవాడు కాదు. నోటికి పద్యాలూ కథలూ అంత బాగా వచ్చే పిల్లకు ఇంత చిన్న పని రాకపోవడమేమిటి, కావాలనే చేస్తోందని ఆయన నమ్మకం. అమ్మ నమ్మకమూ అదే. మా అవ్వ మాత్రం దిష్టి తగిలిందనుకునేది.

ఎనిమిదో తరగతిలో మొదటిసారి ఆమె నన్ను బోర్డు దగ్గరికి పిలిచి ఒక పెద్ద గుణకారం ఇచ్చింది. ఎప్పటిలాగే నా అంకెలు కొండ దిగినట్టు పక్కకు దిగిపోయాయి. కూడితే వచ్చిన సంఖ్య చూసి తరగతి గొల్లుమంది. నేను వీపు సిద్ధం చేసుకున్నాను. ఆమె కొట్టలేదు. బోర్డు తుడిచేసి, వెనక్కి తిరిగి నిలబడమని, ఏమేం చేయాలో నోటితో చెప్పమంది. నేను గడగడా చెప్పాను. ఎక్కాలు నాకు నీళ్ళు తాగినట్టు వచ్చు. చివరి అంకెతో సహా సరిగ్గా చెప్పాను. టీచరు కాసేపు గొడుగును చూసింది. తర్వాత గొడుగుకే చెప్పినట్టు, "లెక్క నోట్లో ఉండాది. చేతికి దిగలేదు, అంతే" అంది.

ఆ రోజు నా రూళ్ళ నోటుబుక్కును అడ్డం తిప్పింది. అడ్డగీతలు నిలువుగీతలయ్యాయి. ఒక్కో సందులో ఒక్కో అంకె పెట్టమంది. "గోడ దాటి పోకూడదు. పెట్టేటప్పుడు పేరు చెప్పి పెట్టు. చెప్పుకుంటా చెయ్యి పాపా." అంకెలు నిలబడ్డాయి. నేను ఆ పేజీని ఇంటికి పట్టుకుపోయి అవ్వకు చూపించాను. అవ్వకు చదువు రాదు. అయినా, "ఎంత చక్కగా వరసన నిలబడినాయే" అంది.

సాయంత్రం టీచరు ఎక్కాల్సిన పాసింజరు ఎప్పుడూ ఆలస్యమే. ఆ ఆలస్యమే నాకు ట్యూషను. షాపు పక్కనే స్టేషను కాబట్టి నన్ను వెంటబెట్టుకుని పోయేది. రైలు వేళకు వస్తే ఆమెకు కోపం వచ్చేది, అరగంట పాఠం పోయిందని.

ఇండియా పటంలో నదులు గుర్తించడం నా వల్ల అయ్యేది కాదు. పటం చూస్తే నాకు మరకలా కనిపించేది. ఆమె పటం మూసేసింది. ప్లాట్‌ఫారం మీద మా బెంచీని కన్యాకుమారి అంది. నన్ను నిలబెట్టి, "అన్నం తినే చెయ్యి పక్క సముద్రం. ఆ చెయ్యి సముద్రంలో తడుపుకుంటా నడువు" అంది. కుడి ఎడమలు నాకు తెలిసేవి కావు గానీ, అన్నం తినే చెయ్యి ఎవరికి తెలియదు? పది అడుగులకు కావేరి, ఇంకో పదికి మన పెన్న, ఆపైన కృష్ణ, గోదావరి, మహానది. ఒక్కో నది పేరు పైకి చెప్పి దాటాలి. శనక్కాయలు అమ్మే ఆయన గంప దింపుకుని గోదావరి దగ్గర కూర్చున్నాడు. టీచరు పోయి, "గోదావరి మీద కూర్చోవద్దప్పా, పిల్ల దాటల్ల" అంది. ఆయన పాపం లేచి మహానదికి మారాడు. నేను పోయి మహానది కూడా ఖాళీ చేయించాను. ఇప్పటికీ నాకు దేశమంటే ఆ ప్లాట్‌ఫారమే. గోదావరి పేరు వింటే శనక్కాయల వాసన వస్తుంది.

నేను తెరిపి లేకుండా మాట్లాడతానని, ఎదుటివాళ్ళకు విసుగొచ్చినా తెలుసుకోలేనని కూడా ఆమే కనిపెట్టింది. దానికీ ఒక మందు వేసింది. తన మనసులో ఏముంటే అది దండోరా వేసినట్టు చెప్పడం మొదలుపెట్టింది. "ఇప్పుడు నాకు విసుగొచ్చినాది. విసుగొస్తే గొడుగు ఈ చేతిలో నుంచి ఆ చేతికి మారుస్తా, చూసి పెట్టుకో." "ఇప్పుడు కోపంగా ఉండా. నీ మీద గాదు, హెడ్మాస్టరు మీద. సాయంత్రానికి పోతాది." ఇంత సుఖమైన మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆమె ముందు ఊహించాల్సిన పని ఉండేది కాదు. మిగతా లోకమంతా నాకు తాళం వేసిన ఇళ్ళ వీధి.

ఒక ఆదివారం ఆమె మా ఇంటికే వచ్చింది. చాప మీద కూర్చుని అమ్మకు పాఠం చెప్పింది. జడ వేసుకోవడం చూపిస్తే రాదు, చెప్పాలి. మూడు పాయలకు మూడు పేర్లు పెట్టాలి. చెంబు జాగాలో చెంబే ఉండాలి. పొద్దున లేస్తే ముందేమిటి, తర్వాతేమిటి అనేది రోజూ ఒకే వరసలో అనాలి. అమ్మకు భయమేసింది. పిల్ల తనలో తాను గొణుక్కుంటుంటే పిచ్చిదనరా అని అడిగింది. "గమ్మునుండి తప్పు చేసేదానికంటే గొణిగి సరిగా చేసేది మేలు గాదా?" అంది టీచరు. అందరికంటే ఉత్సాహపడింది మా అవ్వ. ఆమెకు రోజంతా మాట్లాడడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చినట్టయింది. "ఇప్పుడు మనం కుడి చెయ్యి చొక్కాలో దూరుస్తాండాం, దూరింది, ఇంగ బొత్తాం" అని నా వెంటే తిరిగేది. వారం తిరక్కుండానే అమ్మ కూడా గొణగడం మొదలుపెట్టింది. నాయన ఒక్కడే గొణగలేదు.

మేము చేసిన తప్పు పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో బయటపడింది. అంతవరకు లెక్కల పరీక్షలన్నీ ఆమె కాపలాలోనే రాశాను కాబట్టి, ఇంత మాట్లాడించిన టీచరుకు గానీ, మాట్లాడిన నాకు గానీ, పరీక్ష హాల్లో మాట్లాడకూడదన్న సంగతి తట్టనే లేదు. లెక్కల పరీక్ష రోజు నేను పేపరు తీసుకుని, నోటుబుక్కు అడ్డం తిప్పినట్టే జవాబు కాగితం అడ్డం తిప్పి, మామూలుగా చెప్పుకుంటూ చేయడం మొదలుపెట్టాను. నా వెనక కూర్చున్న ముగ్గురు పిల్లలు మహదానందంగా రాసుకున్నారు. కాపలా ఉన్న సారు నన్ను రెండుసార్లు ఉరిమి చూశాడట. చూస్తే నాకేం తెలుస్తుంది? మూడోసారి వచ్చి కాగితం లాక్కున్నాడు. నలుగురి జవాబులూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. నేను ఒకచోట తప్పు చెప్పి, "కాదు కాదు" అని దిద్దుకున్నాను. వాళ్ళలో ఒకమ్మాయి "కాదు కాదు" అని కూడా రాసింది.

హెడ్మాస్టరు నాయనను పిలిపించాడు. కాపీ కొట్టించిందని చెప్పాడు. నాయన నన్ను ఆఫీసు గది బయటే కొట్టాడు. చదువు చాలని, ధర్మవరంలో మా మేనత్త దగ్గరికి పంపితే మగ్గాల కాడ కండెలు చుట్టుకుంటుందని అన్నాడు. అంతకుముందు ఎండాకాలం సెలవుల్లో అక్కడ నాలుగు రోజులుండి పట్టునూలు ఎంత చిక్కు పెట్టానంటే, దాన్ని విప్పలేక అత్త కత్తెర తెచ్చింది. బతుకంతా ఆ చిక్కులోనే కూర్చోవాలా అని గట్టిగా ఏడ్చాను. బడిలో నేను చేయగలిగింది చాలా ఉందని నాకు అప్పటికే తెలుసు. అది ఇంకెక్కడా చేయనివ్వరని కూడా తెలుసు.

టీచరు పరుగున వచ్చింది. సంగతి విని నుదురు కొట్టుకుంది. "తప్పు నాదప్పా. మాట్లాడేది నేర్పినా గానీ, నోరు మూసుకోని మాట్లాడేది నేర్పల్యా" అంది. పబ్లిక్ పరీక్షల దాకా గడువు అడిగింది. నాయన ఆ ఒక్కసారి రాయనిస్తానన్నాడు. తప్పితే మాత్రం ఆ మరుసటి రోజే ధర్మవరం బస్సు.

ఆ సాయంత్రం నుంచి బెంచీ మీద కొత్త చదువు. టీచరు మధ్యాహ్నం స్టాఫ్‌రూం మూలన నమాజు చేసుకున్నాక, బొటనవేలిని మిగతా వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటిగా జరుపుకుంటూ జపం చేసుకునేది. పెదవి కూడా కదిలేది కాదు. నేను కిటికీలో నుంచి చాలాసార్లు చూశాను. ఆమె తన చెయ్యి నా ముందు చాపి, దేవుడికి చెప్పుకునే మాట పక్కవాళ్ళకు వినబడాల్సిన పనిలేదని, లెక్క కూడా అంతేనని చెప్పింది. కణుపుకొక మాట. నాలుగు వేళ్ళకు పన్నెండు కణుపులు. మొదటి కణుపు మీద ఇచ్చినదేమిటి, రెండో కణుపు మీద అడిగినదేమిటి, మూడో కణుపు మీద ఏ సూత్రం. మొదట గట్టిగా, తర్వాత గొంతు తగ్గించి, తర్వాత పెదవులతో, చివరికి బొటనవేలితోనే.

చెప్పినంత సులువు కాలేదు. మాట బయటికి రాకపోతే నాకు తోవ తప్పేది. నోరు మూసుకుంటే ఏడుపొచ్చేది. ఒకరోజు విసిగిపోయి, నాకు రాదు, ధర్మవరమే పోతానన్నాను. ఆమె గొడుగు చెయ్యి మార్చలేదు. "ఇప్పుడు నాకు భయంగా ఉండాది పాపా. నువ్వు తప్పుతావేమోనని గాదు, నువ్వు మానుకుంటావేమోనని" అంది. భయం ఆమెకు కూడా ఉంటుందని అంతవరకు నాకు తెలియదు. నేను మళ్ళీ మొదటి కణుపు మీద బొటనవేలు పెట్టాను. సంక్రాంతి దాటేసరికి పెదవుల దగ్గరికి వచ్చాను. శివరాత్రికి పెదవులు కూడా ఆగిపోయాయి. ఆ రోజు ఆమె ఇచ్చిన లెక్క చప్పుడు లేకుండా చేసి చూపిస్తే, శనక్కాయలాయన, "ఏందమ్మా, పాపకి గొంతు పోయినాదా?" అని అడిగాడు. మేమిద్దరం రైలొచ్చేదాకా నవ్వాం.

పబ్లిక్ పరీక్ష హాల్లో నా బొటనవేలు కణుపుల మీద ఎన్ని మైళ్ళు నడిచిందో. బయటికొచ్చేసరికి చర్మం ఎర్రగా కందిపోయింది. ఎవరూ నన్ను ఉరిమి చూడలేదు. చూశారేమో కూడా. నా కాగితమైతే ఎవరూ లాక్కోలేదు.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు పొద్దున నాయన షాపు తెరిచి, ముందు పేపరే చూశాడు. రెండుసార్లు చూశాడు. మడిచి పంపు మీద పెట్టి, "లేదు" అన్నాడు. నేను టైర్ల వెనక కూర్చున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. అమ్మకు నా బట్టలు సర్దమని చెప్పి, పంక్చరు వేయడానికి కూర్చున్నాడు.

బడికి సెలవులైనా టీచరు పాసింజరు దిగి వచ్చింది. నా నంబరు పేపర్లో లేదని నాయన చెప్పాడు. ఆమె ఆ మాట పట్టించుకోకుండా పేపరు నా చేతిలో పెట్టి, చదవమంది. చీమల బారులా అంకెలు. నేను మొదటి నుంచి మొదలుపెట్టాను. ఫస్ట్ క్లాసు వాళ్ళ నంబర్లు.

"ఆడ యాడుంటాదిమ్మా, కిందికి చూడు" అన్నాడు నాయన.

నడిమధ్య నుంచి చూస్తే నేను తప్పిపోతాను. నాకు మొదలు కావాలి. ఒక చేత్తో పై వరస, ట్యూబుల అట్టపెట్టె మూతతో కింది వరస మూసి, ఒక్కో నంబరూ గట్టిగా చదువుకుంటూ పోయాను. షాపుకు వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా నిలబడి విన్నారు. ఫస్ట్ క్లాసు అయిపోయింది. సెకండ్ క్లాసు మొదలైంది. చదివే ఊపులో నా నంబరు కూడా చదివేసి ముందుకు పోయాను. "ఆగు. ఎనక్కి రా" అంది టీచరు. వెనక్కి వచ్చాను. జేబులో నుంచి హాల్‌టికెట్ తీసి ఒక్కో అంకె పేరు చెప్పి పోల్చాను. ఏడు అంకెలూ అవే.

నాయన చూసింది థర్డ్ క్లాసు నంబర్లు మాత్రమే. నా నంబరు అంతకంటే పైన ఉండొచ్చన్న ఆలోచనే ఆయనకు రాలేదు. పేపరు తీసుకుని, నేను వేలు పెట్టిన చోట చాలాసేపు చూశాడు. లేచి నా వైపు వచ్చాడు. ఆయన ముఖం మారిపోయింది. ఎట్లా మారిందో నాకు తెలియదు. అది కోపమో, ఏడుపో, మరొకటో నాకు అందలేదు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

టీచరు మా మధ్యకు వచ్చింది. "నీ మొగం ఆ పిల్లకి కనపడదప్పా. కొడతావేమోనని ఎనక్కి పోతాండాది. నోటితో చెప్పు" అంది.

నాయన చేతులకున్న గ్రీసు లుంగీకి తుడుచుకున్నాడు.

"నిన్ను కొట్టింది తప్పమ్మా" అన్నాడు. నేనింకా కదలకపోయేసరికి, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ చెప్పాడు. "ఇంగ కొట్టను. నువ్వు యాడిదాకా చదువుతావో ఆడిదాకా చదివిస్తా."

అది నాకు అర్థమైంది. నేను పోయి నాయన పక్కన నిలబడ్డాను.